హెడ్డు పోర్టింగ్: ఇంట్లో ఎంతవరకు చేయొచ్చు, బయట ఎప్పుడు ఇవ్వాలి, అసలు అక్కర్లేనిది ఎవరికి

గ్యాస్కెట్ పోయిందనో, వాల్వ్ కాలిందనో, పికప్ ఇంకొంచెం కావాలనో హెడ్డు, అంటే ఇంజిన్ సిలిండర్ల పైమూత, విప్పుతారు. బల్ల మీద పెట్టి పోర్టులోకి (గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ దారి, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ దారి) టార్చ్ వేసి చూస్తే పోత పోసిన గరుకు, అచ్చు కలిసిన చోట లేచిన గీత, వాల్వ్ సీటు (మూసుకున్నప్పుడు వాల్వ్ ఆనే రింగు) కింద మెట్టులా నిలిచిన లోహం కనిపిస్తాయి. ఇదంతా అరగదీస్తే ఇంజిన్ గాలి ఇంకా బాగా పీలుస్తుంది కదా అనే ఆలోచన అక్కడే పుడుతుంది. అలా పోర్టులను అరగదీసి మలచడమే పోర్టింగ్. ఆలోచనలో తప్పేమీ లేదు. కానీ అక్కడి నుంచి చాలా దారులున్నాయి. సీట్లు మాత్రం బాగు చేయించి మూసేయొచ్చు. సీటు కింద కొద్దిగా సవరించొచ్చు. గ్యాస్కెట్ ఆకారానికి పోర్టు నోరు కలపొచ్చు. పోర్టు మొత్తం కొత్తగా మలచొచ్చు. బయట పనివాడికో, కంప్యూటర్‌తో నడిచే యంత్రాలున్న సీఎన్‌సీ షాపుకో ఇవ్వొచ్చు. రెడీగా దొరికే పెర్ఫార్మెన్స్ హెడ్డు కొనేయొచ్చు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంట్లో చేసే పనిలో వచ్చే లాభమంతా దాదాపు వాల్వ్ సీటుకు అటూ ఇటూ ఉన్న రెండు మూడు సెంటీమీటర్లలోనే ఉంటుంది. ఆ పరిధి దాటి పోర్టు లోపలికి వెళ్లేకొద్దీ లాభం తగ్గుతుంది, రిస్క్ పెరుగుతుంది. అలాగని అందరికీ ఒకే దారి సరిపోదు. మీ ఇంజిన్ ఏది, దాన్ని ఎలా వాడతారు అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

ఇంజిన్ ఎక్కువసేపు ఏ ఆర్‌పీఎంలో (నిమిషానికి ఎన్ని చుట్లు) తిరుగుతుంది? మిగతా అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. పిస్టన్ అడుగుకు చేరి మళ్లీ పైకి కదలడం మొదలుపెట్టాక కూడా ఇన్‌టేక్ వాల్వ్ కాసేపు తెరిచే ఉంటుంది. వేగంగా వస్తున్న గాలి ఆ కాస్త సమయంలో కూడా తన ఊపుతోనే సిలిండర్‌లోకి దూరుతుంది. పోర్టును పెద్దది చేస్తే అదే గాలి నెమ్మదిగా కదులుతుంది, ఊపు తగ్గుతుంది. తక్కువ ఆర్‌పీఎంలో కొంత గాలి వచ్చిన దారినే వెనక్కి పోతుంది కూడా. పై ఆర్‌పీఎంలో పవర్ పెరిగినా, రోజూ వాడే కింది ఆర్‌పీఎంలో బండి మొద్దుబారిపోవడానికి కారణం ఇదే. పోర్టు పెద్దది చేయడం, పోర్టు బాగు చేయడం రెండు వేర్వేరు పనులు.

వాల్వ్ ఎంత ఎత్తు లేస్తుంది (అదే లిఫ్ట్)? వాల్వ్ తెరుచుకున్నప్పుడు గాలి దాని చుట్టూ ఉండే సందులోంచి వెళ్తుంది. ఆ సందు వైశాల్యం వాల్వ్ చుట్టుకొలతను లిఫ్ట్‌తో గుణిస్తే వస్తుంది. లిఫ్ట్ వాల్వ్ వ్యాసంలో నాలుగో వంతుకు చేరేసరికి ఈ వైశాల్యం వాల్వ్ తల వైశాల్యంతో సమానమవుతుంది. 36 మి.మీ. వాల్వ్‌కు అది 9 మి.మీ. లిఫ్ట్. అంతకన్నా బాగా కింద గాలిని అడ్డుకునేది ముఖ్యంగా సీటు, వాల్వ్ అంచులే. దానికి దగ్గరపడేకొద్దీ, దాటాక పోర్టు వంతు పెరుగుతుంది. మీ క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్ట్) వాల్వ్‌ను 8 మి.మీ. మాత్రమే లేపుతుంటే, 12 మి.మీ. దగ్గర పోర్టు ఎంత గాలి పారిస్తుందన్న గొప్ప అంకె మీకు ఎందుకూ పనికిరాదు. పైగా ప్రతి చక్రంలో వాల్వ్ పూర్తి లిఫ్ట్ దగ్గరకు ఒక్కసారే వెళ్తుంది. మధ్య లిఫ్ట్‌లను మాత్రం తెరుచుకునేటప్పుడు ఒకసారి, మూసుకునేటప్పుడు ఒకసారి దాటుతుంది.

గాలిని ఇప్పుడు అడ్డుకుంటున్నది నిజంగా హెడ్డేనా? ఇరుకు సైలెన్సర్, గాలిని అదుపు చేసే చిన్న థ్రాటిల్ బాడీ, వాల్వులను తక్కువగా తెరిచే మెతక క్యామ్ అలాగే ఉంచి హెడ్డు ఒక్కటే అరగదీస్తే ఫలితం బండి నడిపేవాళ్లకు తెలియదు. నాలుగు వాల్వుల హెడ్డుల్లో పోర్టులు చాలావరకు కంపెనీ నుంచే మెరుగ్గా వస్తాయి. పాత రెండు వాల్వుల పోత హెడ్డుల్లోనే చేత్తో చేసే పనికి చోటు ఎక్కువ.

తర్వాత ట్యూనింగ్ ఎవరు చేస్తారు? లోపలికి వెళ్లే గాలి పెరిగితే ఇంధనం కూడా పెరగాలి. గాలిని నేరుగా కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న ఇంజిన్ కొంతవరకు తనే సర్దుకుంటుంది. మ్యానిఫోల్డ్ (హెడ్డుకు గాలి తెచ్చే గొట్టాలు) పీడనం చూసి టేబుల్ ప్రకారం లెక్కగట్టే ఇంజిన్‌కు ఆ టేబుల్ మార్చాలి. కార్బ్యురేటర్ అయితే జెట్లు (పెట్రోలు వచ్చే సన్న రంధ్రాలు) మార్చాలి. ఈ పనికి మనిషి దొరకకపోతే పోర్టింగ్ పరిధి చిన్నగా ఉంచుకోవడమే మంచిది. నిండు లోడ్ మీద మిశ్రమం పలచబడితే డిటోనేషన్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) వస్తుంది, పిస్టన్ పోతుంది.

హెడ్డు చెడితే ఇంకోటి దొరుకుతుందా? అరగదీసిన లోహం తిరిగి రాదు. స్క్రాప్‌లో సులువుగా దొరికే హెడ్డయితే ధైర్యంగా నేర్చుకోవచ్చు. ఉత్పత్తి ఆగిపోయిన బండి హెడ్డయితే ప్రతి మిల్లీమీటరూ ఆలోచించి తీయాలి. రోడ్డు మీద తిరిగే బండికి వారంటీ, ఉద్గార నియమాలు వర్తిస్తాయేమో చూసుకోవడం కూడా ఇక్కడే.

## సీట్లు మాత్రం బాగు చేయించడం

పోర్టు జోలికి పోకుండా వాల్వ్ సీట్లను మూడు కోణాల్లో కోయించడం మొదటి దారి. వాల్వ్ ఆనే చోట 45 డిగ్రీలు, దాని పైన ఛాంబర్ (మంట మండే చోటు) వైపు 30, కింద పోర్టు వైపు 60 అన్నది ఎక్కువగా వాడే కోత. ఒక్క కోణంలో ఉన్న సీటు మీద గాలి పదునైన మూల తిరగాలి. మూడు కోణాలుంటే ఆ మలుపు మెల్లగా జరుగుతుంది. దీనికి తోడు ఇన్‌టేక్ వాల్వ్ వెనక వైపు, సీటు ముఖానికి ఆనుకుని 30 డిగ్రీల బ్యాక్ కట్ వేయిస్తే తక్కువ లిఫ్ట్‌లో ప్రవాహం ఇంకాస్త పెరుగుతుంది. ఈ చిన్న పనిని చాలామంది పట్టించుకోరు. పెట్టే ఖర్చుతో పోల్చుకుంటే దీనికి మించిన బేరం హెడ్డు పనిలో ఇంకోటి లేదు.

సీటు కోత ఇంట్లో చేసే పని కాదు. వాల్వ్ కాడ కదిలే గొట్టం లాంటి గైడ్‌కు సీటు సరిగ్గా కేంద్రంలో ఉండాలంటే గైడ్‌లో నిలిచే పైలట్, దాని మీద తిరిగే కట్టర్ కావాలి. గ్రైండింగ్ పేస్ట్‌తో ఇంట్లో చేసే లాపింగ్ (వాల్వ్‌ను సీటు మీద రుద్దడం) వాల్వ్ సరిగ్గా ఆనుతోందో లేదో చూడటానికి సరిపోతుంది, చెడిన సీటును బాగు చేయదు. గైడ్లు అరిగి వాల్వ్ ఊగుతుంటే ముందు గైడ్ల సంగతి చూడాలి. ఊగే వాల్వ్ కింద ఎంత మంచి సీటు కోసినా కొన్నాళ్లకే పాడవుతుంది.

పనివాడికి సీటు వెడల్పు కూడా చెప్పండి. ఇన్‌టేక్‌కు 1 నుంచి 1.5 మి.మీ., ఎగ్జాస్ట్‌కు 1.5 నుంచి 2 మి.మీ. రోడ్డు ఇంజిన్‌కు మామూలు. ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిని ఎక్కువగా సీటు ద్వారానే దించుకుంటుంది కాబట్టి, ప్రవాహం కోసం దాన్ని మరీ సన్నం చేస్తే వాల్వ్ కాలుతుంది.

## సీటు కింద సవరణ: బౌల్ బ్లెండింగ్

సీటు కింద గిన్నెలా ఉండే భాగాన్ని బౌల్ అంటారు. కంపెనీలో సీటు రింగు దిగువన కట్టర్ పెట్టిన చోట పోత లోహం, మెషిన్ చేసిన లోహం కలిసే దగ్గర పదునైన అంచు మిగిలిపోతుంది. గాలి వేగం చాలా ఎక్కువగా ఉండే చోటే ఆ మెట్టు ఉంటుంది. దాన్ని నునుపుగా కలిపేయడమే ఈ పని. తీసే లోహం చాలా తక్కువ, పోర్టు పరిమాణం దాదాపు మారదు, కాబట్టి కింది ఆర్‌పీఎంలో నష్టపోయేదీ లేదు. ఇంట్లో చేసేవాళ్లలో ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే, పైన చెప్పిన సీటు కోతతో కలిపి.

బౌల్ ఎంతవరకు తెరవాలి? గొంతు వ్యాసం, అంటే సీటు కింద అతి ఇరుకైన చోటు, వాల్వ్ వ్యాసంలో 85 నుంచి 90 శాతం ఉండేలా చూడటం వాడుకలో ఉన్న కొలత. 36 మి.మీ. వాల్వ్‌కు అది సుమారు 30.6 నుంచి 32.4 మి.మీ. మీ హెడ్డులో గొంతు ఇప్పటికే అంత ఉంటే దాన్ని ముట్టుకోకుండా అంచు మాత్రం కలపండి. గొంతును మరీ పెద్దది చేస్తే సీటు కింద 60 డిగ్రీల కోతకు లోహమే మిగలదు.

ఇక షార్ట్ సైడ్. పోర్టు వంపు తిరిగి కిందికి దిగేటప్పుడు లోపలి వైపున్న చిన్న మలుపు ఇది. గాలి ఇక్కడ గోడను అంటిపెట్టుకుని తిరగాలి. మలుపు పదునైతే గోడ నుంచి విడిపోయి సుడులు తిరుగుతుంది, ఆ వైపు వాల్వ్ సందు వృథా అవుతుంది. కొత్తవాళ్ల చెయ్యి మొదట ఇక్కడికే పోతుంది, ఎందుకంటే సీటు వైపు నుంచి బర్ (పళ్లున్న తిరిగే కట్టర్) దూర్చితే తేలిగ్గా అందేది ఇదే. నేలను కిందికి అరగదీస్తే పోర్టు పెద్దదైనట్టు కనిపిస్తుంది కానీ మలుపు ఇంకా పదునెక్కి ప్రవాహం పడిపోతుంది. శాండ్ పేపర్ రోల్‌తో పదును అంచు గుండ్రం చేసి వదిలేయండి. అక్కడ కార్బైడ్ బర్ పెట్టకపోతేనే నయం.

గైడ్ చుట్టూ పోర్టులోకి పొడుచుకొచ్చిన లోహం గాలికి అడ్డమే. దాన్ని రెండు వైపులా సన్నం చేసి, గాలి వచ్చే దిశలో కోలగా మలచొచ్చు. మొత్తం నరికేయొద్దు. గైడ్‌కు ఆసరా, వాల్వ్ కాడకు వేడి దిగే దారి రెండూ అదే. ఎగ్జాస్ట్ వైపు మరింత జాగ్రత్త కావాలి, అక్కడ గైడ్‌ను పొట్టి చేయొద్దు.

పనిముట్ల సంగతి కూడా చెప్పుకోవాలి. వేగం తగ్గించుకునే వీలున్న డై గ్రైండర్ (బర్‌ను తిప్పే చేతి పనిముట్టు) కావాలి. అల్యూమినియానికి వెడల్పు పళ్ల కార్బైడ్ బర్ వాడాలి, పోత ఇనుముకు డబుల్ కట్ బర్. ఇనుముకు వాడే సన్న పళ్ల బర్ అల్యూమినియంలో పెడితే క్షణాల్లో పళ్ల మధ్య లోహం నిండిపోతుంది. కిరోసిన్‌లాంటి పలచని నూనెలోనో మైనంలోనో మధ్యమధ్య ముంచుతుంటే అది తగ్గుతుంది. పొడవు కాడ బర్‌ను పోర్టు బయట గాలిలో పూర్తి వేగంతో తిప్పకండి. కాడ వంగి కొరడాలా కొడుతుంది. కళ్లద్దాలు, మంచి మాస్క్ తప్పనిసరి. వేలాడే గ్లోవ్స్ మాత్రం తిరిగే పనిముట్టు దగ్గర వద్దు. సీట్లలో పాత వాల్వులు పెట్టి పని చేస్తే ఛాంబర్ వైపు చెయ్యి జారినా సీటు బతుకుతుంది. బౌల్ పనికి మాత్రం వాల్వ్ తీయక తప్పదు కాబట్టి, సీటు కోత అన్నిటికన్నా చివర పెట్టుకోవాలి.

## గ్యాస్కెట్ మ్యాచింగ్

గ్యాస్కెట్‌ను హెడ్డు మీద పెట్టి, మార్కింగ్ బ్లూ పూసి గీత గీసి, ఆ గీత దాకా పోర్టు నోరు తెరవడం. అందరూ మొదట చేసేది ఇదే. ఫలితం మాత్రం అంతంతే. నోటి దగ్గర పోర్టు సాధారణంగా ఇరుకుగా ఉండదు. అక్కడ వెడల్పు చేసి లోపల అలాగే వదిలేస్తే గాలి ఒకసారి విప్పారి మళ్లీ ముడుచుకోవాలి. పైగా గ్యాస్కెట్ రంధ్రం పోర్టుకన్నా పెద్దగా ఉండేలా చేస్తారు, అది కొలబద్ద కాదు.

చూడాల్సింది ఒక్కటే, గాలి వెళ్లే దిశలో ఎదురుగా మెట్టు తగులుతోందా అని. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ రంధ్రం హెడ్డు రంధ్రం కన్నా పెద్దదై అంచు ఎదురొస్తుంటే ఆ అంచు తీసేయాలి. హెడ్డు వైపు కొంచెం పెద్దదైతే పెద్ద నష్టం లేదు. ఎగ్జాస్ట్‌లో పైపు నోరు హెడ్డు కన్నా కొంచెం పెద్దగా ఉండటం మంచిదే. వెనక్కి తిరిగొచ్చే పీడన తరంగానికి ఆ మెట్టు కొంత అడ్డు పడుతుంది.

## పోర్టు మొత్తం ఇంట్లోనే మలచడం

ఇక్కడ ఆట మారుతుంది. గోడలు పక్కకు జరపడం, పైకప్పు లేపడం, అడ్డుకోత వైశాల్యం మార్చడం అన్నీ ఇందులోకే వస్తాయి. మొదటి సమస్య గోడ మందం. నీటితో చల్లబడే హెడ్డులో పోర్టు గోడకు అవతల వాటర్ జాకెట్ (చల్లబరిచే నీరు పారే ఖాళీ) ఉంటుంది. పోత పోసేటప్పుడు లోపలి అచ్చు కాస్త పక్కకు జరిగి ఉండొచ్చు. అందువల్ల ఒకే హెడ్డులో ఒక పోర్టుకు ఉన్న మందం పక్క పోర్టుకు ఉంటుందని నమ్మకం లేదు. బయటి నుంచి చూస్తే తెలియదు. అల్ట్రాసోనిక్ మందం కొలిచే మీటర్‌తో చూడాలి, లేదా అదే మోడల్ స్క్రాప్ హెడ్డును రంపంతో అడ్డంగా కోసి చూడాలి. రెండో పద్ధతి మొరటుగా ఉన్నా బోలెడు నేర్పుతుంది. షార్ట్ సైడ్ వెనక, స్ప్రింగ్ సీటు కింద, హెడ్డు బోల్టుల పక్కన ఎంత లోహం ఉందో కళ్లారా కనిపిస్తుంది. గాలితో చల్లబడే హెడ్డులో నీటి భయం లేదు గానీ, స్ప్రింగ్ కింద, స్టడ్ రంధ్రాల పక్కన పలచబడితే వేడికి పగులుతుంది.

రెండో సమస్య సమానత్వం. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక పోర్టు బాగా వచ్చి మిగతావి తలోలా వస్తే, ట్యూనింగ్ బలహీనమైన సిలిండర్‌కు తగ్గట్టు చేయాల్సి వస్తుంది. అందుకే ఒక పోర్టు పూర్తి చేసి తర్వాతిది మొదలుపెట్టడం కన్నా, ఒక దశను అన్ని పోర్టుల్లో చేశాక తర్వాతి దశకు వెళ్లడం మేలు. కొలత గీతలున్న గాజు గొట్టం బ్యూరెట్‌తో ప్రతి పోర్టులో ఎంత ద్రవం పడుతుందో కొలవాలి. స్క్రాప్ ప్లాస్టిక్ రేకుతో పోర్టు ఆకారపు టెంప్లేట్లు కోసుకుంటే ఇంకా మంచిది.

మూడోది, అసలు మెరుగైందో లేదో తెలియడం. ఎంత గాలి పారుతోందో కొలిచే ఫ్లో బెంచ్ లేకుండా పోర్టు మొత్తం మలచడం చీకట్లో బాణం వేయడమే. గట్టి వాక్యూమ్ క్లీనర్, పీడనం కొలిచే నీటి మానోమీటర్, గాలి కొలిచే ఆరిఫిస్ ప్లేట్‌తో (రంధ్రమున్న పలక) ఇంట్లోనే బెంచ్ తయారు చేసుకునేవాళ్లున్నారు. దాని అంకెలను ఇంకొకరి అంకెలతో పోల్చకండి, మీ హెడ్డుకు ముందూ వెనకా పోల్చుకోవడానికి అది చాలు. సన్న తీగ చివర దారం ముక్క కట్టి షార్ట్ సైడ్ దగ్గర పెడితే, గాలి గోడను అంటుకుని వెళ్తోందా లేక దారం పిచ్చిగా కొట్టుకుంటోందా అన్నది ఉన్నపళాన తెలుస్తుంది.

నున్నదనం గురించి అపోహ ఒకటి గట్టిగా పాతుకుపోయింది. ఇన్‌టేక్ పోర్టు అద్దంలా మెరవాల్సిన పని లేదు. కార్బ్యురేటర్, పోర్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో కొంత పెట్రోలు గోడల మీద పొరలా పడుతుంది. కొద్దిపాటి గరుకు ఉంటే అది మళ్లీ గాలిలో కలవడానికి ఆసరా అవుతుంది. 60 నుంచి 80 నంబరు ఎమెరీతో ఆపేయండి. నేరుగా సిలిండర్‌లోకే పెట్రోలు చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్‌కు ఈ మాట వర్తించదు, అయినా పాలిష్ వల్ల అక్కడా పెద్దగా వచ్చేదేమీ లేదు. ఎగ్జాస్ట్‌ను, కంబషన్ ఛాంబర్‌ను మాత్రం నున్నగా చేయొచ్చు, కార్బన్ పట్టడం తగ్గుతుంది.

కొత్త తరం ఇంజిన్ల పోర్టులు గాలి సిలిండర్‌లో దొర్లుతూ కలిసేలా గీసినవి. ఆ దొర్లుడునే టంబుల్ అంటారు. పోర్టు పెద్దది చేసి, మలుపు మార్చి దాన్ని చెడగొడితే బెంచ్ మీద అంకె పెరిగినా మంట మందగిస్తుంది. అలాంటి ఇంజిన్ మీ చేతిలో ఉంటే ఈ దారి మర్చిపోవడమే మంచిది.

## బయట ఇవ్వడం

చేత్తో పోర్టింగ్ చేసే అనుభవజ్ఞుడికి, సీఎన్‌సీ షాపుకు తేడా ఉంది. చేతి పనివాడు మీ క్యామ్, మీ ఆర్‌పీఎం, మీ హెడ్డు పోత చూసి దానికి తగ్గట్టు చేస్తాడు. ఆ మనిషి ఎంత నేర్పరి అయితే పని అంత బాగుంటుంది. సీఎన్‌సీలో ఒకరు ముందే రూపొందించి, బెంచ్ మీద పరీక్షించి, స్కాన్ చేసి పెట్టుకున్న ఆకారాన్ని యంత్రం ప్రతి పోర్టులో ఒకేలా కోస్తుంది. బాగా పేరున్న మోడల్ హెడ్డుకు ప్రోగ్రామ్ ఉంటే సీఎన్‌సీ మంచి బేరం. అరుదైన హెడ్డు అయితే చేతి పనివాడే గతి.

ఎవరికిచ్చినా ఫ్లో షీట్ (గాలి ప్రవాహపు కొలతల పట్టిక) అడగండి. ఒక్క గరిష్ఠ అంకె చూసి మురిసిపోకండి, ప్రతి మిల్లీమీటరు లిఫ్ట్ దగ్గర అంకెలు, పని ముందువీ తర్వాతవీ కావాలి. ఏ పీడన తేడా దగ్గర కొలిచారో కూడా ఉండాలి. 28 అంగుళాల నీటి పీడనం దగ్గర వచ్చే అంకె, అదే పోర్టుకు 10 అంగుళాల దగ్గర వచ్చేదానికన్నా సుమారు 1.67 రెట్లు పెద్దది. ఈ తేడా చెప్పకుండా రెండు షాపుల షీట్లు పక్కపక్కన పెడితే మోసపోతాం. 28 అంగుళాల దగ్గర ఒక ఇన్‌టేక్ పోర్టు 100 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపు అడుగులు) పారిస్తే, మిగతావన్నీ కుదిరినప్పుడు ఆ సిలిండర్ నుంచి 25 హార్స్‌పవర్ దాకా ఆశించవచ్చన్నది ట్యూనర్ల ఉజ్జాయింపు లెక్క. మీ లక్ష్యానికి ఎంత ప్రవాహం సరిపోతుందో దీనితో చూసుకుంటే అక్కర్లేని పనికి డబ్బు పోదు. ఎగ్జాస్ట్ ప్రవాహం ఇన్‌టేక్‌లో 70 నుంచి 80 శాతం ఉంటే మామూలు ఇంజిన్‌కు సరిపోతుంది.

## రెడీమేడ్ హెడ్డు

ఇది కొన్ని ఇంజిన్లకే దొరుకుతుంది. దొరికితే పాత హెడ్డు పాతగానే మిగులుతుంది, బండి ఆగిపోయే రోజులు తగ్గుతాయి. కొనేముందు కంబషన్ ఛాంబర్ పరిమాణం, వాల్వ్ పరిమాణం, మీ పిస్టన్‌తో ఖాళీ చూసుకోండి. పాత ఇనుప హెడ్డును కొత్త వాల్వులు, గైడ్లు, స్ప్రింగులు, సీట్లతో పూర్తిగా బాగు చేయించే ఖర్చు కలిపి చూస్తే, కొన్నిసార్లు ఇదే చవకగా తేలుతుంది.

## పక్కపక్కన పెడితే

| దారి | కింది ఆర్‌పీఎం | పై ఆర్‌పీఎం | చెడిపోయే అవకాశం | కావాల్సింది | ట్యూనింగ్ |
|---|---|---|---|---|---|
| సీట్లు, బ్యాక్ కట్ | కొంచెం మెరుగు | కొంచెం మెరుగు | చాలా తక్కువ | మంచి మెషిన్ షాపు | దాదాపు అక్కర్లేదు |
| బౌల్ బ్లెండింగ్ | నష్టం లేదు | స్పష్టంగా మెరుగు | తక్కువ, షార్ట్ సైడ్ వదిలేస్తే | డై గ్రైండర్, ఓపిక | చూసుకోవాలి |
| గ్యాస్కెట్ మ్యాచింగ్ | తేడా తెలియదు | స్వల్పం | తక్కువ | ఓపిక | అక్కర్లేదు |
| ఇంట్లో పూర్తి పోర్టింగ్ | తగ్గొచ్చు | పెరగొచ్చు, పడిపోవచ్చు | ఎక్కువ | ఫ్లో బెంచ్, స్క్రాప్ హెడ్డు | తప్పనిసరి |
| చేతి పనివాడు, సీఎన్‌సీ | చేసే తీరును బట్టి | బాగా పెరుగుతుంది | తక్కువ | డబ్బు | తప్పనిసరి |
| రెడీమేడ్ హెడ్డు | ఎంచుకున్న సైజును బట్టి | బాగా పెరుగుతుంది | తక్కువ | డబ్బు, లభ్యత | తప్పనిసరి |

## ఎవరికి ఏది

రోజూ ఆఫీసుకు వెళ్లే బండి, గ్యాస్కెట్ కోసం హెడ్డు విప్పారు, ఇంజిన్ మిగతాదంతా కంపెనీదే. సీట్లు కోయించి, బ్యాక్ కట్ వేయించి మూసేయండి. సీటు కింద మెట్టు మరీ పెద్దగా ఉంటే ఒక సాయంత్రం దాని మీద పెట్టండి, అంతకన్నా అక్కర్లేదు. పాత బండిలో మీకు తెలిసే మార్పు ఎక్కువగా కొత్త సీట్లతో తిరిగొచ్చిన కంప్రెషన్ వల్లే వస్తుంది.

వారాంతంలో సరదాగా తోలే పాత రెండు వాల్వుల బండి, క్యామ్ కొంచెం పెంచారు, ఎగ్జాస్ట్ మార్చారు. బౌల్ బ్లెండింగ్ మీ కోసమే. గైడ్ లోహం సన్నం చేయడం, ఎదురు మెట్లు తీయడం దీనికి కలుపుకోండి. పోర్టు మధ్య భాగంలో అచ్చు గీతలు తీసి వదిలేయండి.

ట్రాక్ కోసం తయారు చేస్తున్న ఇంజిన్, ఎప్పుడూ పై ఆర్‌పీఎంలోనే తిరుగుతుంది. పోటీల్లో గెలవడం ముఖ్యమైతే బయట ఇవ్వండి. ఆ పని చేసే మనిషిగా ఎదగాలన్న కోరిక ఉంటే స్క్రాప్ హెడ్డు, ఇంటి బెంచ్‌తో మొదలుపెట్టండి. రెండూ ఒకే ఇంజిన్ మీద కలపకండి. రేసు తేదీ దగ్గరపడుతుంటే నేర్చుకోవడానికి కావాల్సిన ఓపిక ఎవరికీ ఉండదు. మీ పోటీ తరగతి నియమాలు పోర్టింగ్ ఒప్పుకుంటాయో లేదో ముందే చదవండి. కొన్ని తరగతుల్లో సీటు కింద చెయ్యి పెట్టినా ఊరుకోరు.

టర్బో ఇంజిన్ ఉన్నవాళ్ల లెక్క కొంచెం వేరు. బూస్ట్ (టర్బో గాలిని నెట్టే పీడనం) పెంచితే గాలి ఎలాగూ దూరుతుంది కాబట్టి ఇన్‌టేక్ పోర్టింగ్‌కు తొందర లేదు. హెడ్డు తేలిగ్గా గాలి తీసుకుంటే అదే గాలి తక్కువ బూస్ట్‌తో లోపలికి వెళ్తుంది, గేజీ మీద అంకె తగ్గినా పవర్ తగ్గదు. చూసి కంగారు పడొద్దు. టర్బోకు వేడి వాయువులు తేలిగ్గా చేరేలా ఎగ్జాస్ట్ బౌల్ శుభ్రం చేయడం మాత్రం వీళ్లకు లాభమే.

## బౌల్ దారి ఎంచుకుంటే, పని వరస

ముందు హెడ్డు కడిగించి, పగుళ్లు ఉన్నాయేమో పరీక్ష చేయించండి. పగిలిన హెడ్డు మీద గంటల కొద్దీ గ్రైండర్ పట్టడం కన్నా నిరాశ ఇంకోటి ఉండదు. తర్వాత గైడ్లు చూడాలి. గ్రైండర్ పని, దాని తర్వాత గైడ్ల మార్పు, ఆ తర్వాతే సీటు కోత. హెడ్డు ముఖం వంకరగా ఉంటే ఫేసింగ్ (ముఖాన్ని చదును చేయడం).

ఫేసింగ్ చేస్తే ఛాంబర్ చిన్నదై కంప్రెషన్ పెరుగుతుంది, ఛాంబర్‌లో లోహం తీస్తే తగ్గుతుంది. రెండూ లెక్కలోకి రావాలి. 400 సీసీ సిలిండర్‌కు, పిస్టన్ పైకొచ్చినప్పుడు మిగిలే ఖాళీ మొత్తం 50 సీసీ అయితే కంప్రెషన్ నిష్పత్తి 9. ఆ ఖాళీ 2 సీసీ పెరిగితే నిష్పత్తి 8.7కు పడిపోతుంది, 2 సీసీ తగ్గితే 9.3 అవుతుంది. వాల్వులు, ప్లగ్ బిగించి, ఛాంబర్ మీద గ్రీజుతో ప్లాస్టిక్ పలక అంటించి, దాని చిన్న రంధ్రంలోంచి బ్యూరెట్‌తో ద్రవం పోస్తే ఛాంబర్ పరిమాణం తెలుస్తుంది. అన్ని ఛాంబర్లూ ఒకదానికొకటి అర సీసీ లోపు ఉండేలా చూసుకోండి. ఫేసింగ్ ఎక్కువ చేయించినా, క్యామ్ మార్చినా పిస్టన్ మీద మెత్తని మట్టి ముద్ద పెట్టి, హెడ్డు తాత్కాలికంగా బిగించి, ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి వాల్వ్‌కూ పిస్టన్‌కూ మధ్య ఖాళీ కొలవాలి. ఇన్‌టేక్‌కు 2 మి.మీ., ఎగ్జాస్ట్‌కు 2.5 మి.మీ. కన్నా తక్కువ ఉంటే ముందుకు వెళ్లకండి.

చివరి కడుగుడు అసలు పనంత ముఖ్యం. వాటర్ జాకెట్, ఆయిల్ దారులు, బోల్టు రంధ్రాల్లో ఇరుక్కున్న అల్యూమినియం రజను ఆయిల్‌తో కలిసి బేరింగుల్లోకి వెళ్తుంది. వేడి సబ్బు నీళ్లు, బాటిల్ బ్రష్, గాలి ప్రెషర్‌తో రెండు మూడు సార్లు కడిగి, తెల్ల గుడ్డతో తుడిస్తే మరక పడనంత వరకు ఆపకండి. ఇంజిన్ మొదలయ్యాక మిశ్రమం సరిగ్గా ఉందని వైడ్‌బ్యాండ్ మీటర్ (పొగను బట్టి మిశ్రమం కొలిచేది) చూపించేవరకు నిండు థ్రాటిల్ వద్దు.